పైన గుడి లేదు, కింద మెట్లు లేవు

కొండెక్కడం అంటే మనవాళ్ళ లెక్కలో మెట్లెక్కడమే. అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు. సింహాచలం, అన్నవరం, మంగళగిరి, యాదగిరిగుట్ట... ఎక్కడికెళ్ళినా కింద చెప్పులు వదిలే చోటు, మధ్యలో నిమ్మసోడా, పైన దేవుడు. మెట్లు లేనిచోట కూడా దారి మాత్రం ఉంటుంది. శివరాత్రికీ ఉగాదికీ నల్లమల అడవిలోంచి శ్రీశైలం నడిచి వెళ్ళేవాళ్ళకి ముందు వెళ్ళినవాళ్ళ అడుగులే దారి. అంచేత "ఈ ఆదివారం ఓ కొండెక్కి వచ్చాను" అని ఇంటికి ఫోన్ చేసి చెబితే వచ్చే మొదటి ప్రశ్న "పైన ఏ దేవుడు?" అని. ఏ దేవుడూ లేడంటే రెండో ప్రశ్న "మరెందుకెక్కావు?"

ఎడింబరాలో ఇన్నేళ్ళుగా ఉంటూ, వీలైనప్పుడల్లా ఏదో ఒక కొండ ఎక్కుతూ ఉన్నా, ఈ రెండో ప్రశ్నకి నా దగ్గర సరైన సమాధానం ఉండేది కాదు. "వ్యాయామం" అనేవాణ్ణి. "మరి జిమ్ముంది కదా" అనేవాళ్ళు. అదీ నిజమే. పోయినేడు మే నెలాఖరులో ఒక చిన్న కొండ ఎక్కాక మాత్రం సగం సమాధానం దొరికినట్టనిపించింది. దాని గురించే ఇదంతా.

ముందు ఒక మాట. స్కాట్లండ్ వాళ్ళకి మెట్లు లేవు గానీ, జాబితాలున్నాయి. 1891లో హ్యూ మున్రో అనే ఆయన 3,000 అడుగులు, అంటే 914 మీటర్లు దాటిన శిఖరాలన్నిటికీ ఓ పట్టిక తయారుచేశాడు. వాటినే మున్రోలంటారు. ఇప్పటి లెక్క ప్రకారం 282. ఈ 282 ఎక్కి ఒక్కోటీ టిక్కు పెట్టుకోవడం ఇక్కడ వేలమందికి జీవితాశయం. మనలో కొందరికి సర్టిఫికేషన్ల పిచ్చి ఉన్నట్టన్నమాట. ఇంతమంది ఎక్కేసరికి చాలా మున్రోలకి దారులు అరిగి అరిగి దూరం నుంచి చూస్తే పాపిట తీసినట్టు కనిపిస్తాయి. బెన్ నెవిస్ (1,345 మీటర్లు) మీద ఎండాకాలం శనివారం నాడు నిలబడితే నాకు తిరుమల క్యూ కాంప్లెక్సే గుర్తొచ్చింది. లడ్డూ ఒక్కటే తక్కువ.

మా ఆఫీసులో రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్న ఒక డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ ఉన్నాడు. మితభాషి. ఆయన మున్రోలని పట్టించుకోడు, మారిలిన్లు ఎక్కుతాడు. మారిలిన్ అంటే ఎత్తుతో పని లేకుండా, చుట్టుపక్కల నేల నుంచి అన్నివైపులా కనీసం 150 మీటర్లు విడిగా లేచి నిలబడ్డ కొండ. ఈ పట్టికని అలన్ డాసన్ అనే ఆయన 1992లో ప్రచురించాడు. మున్రో అనగానే మారిలిన్ మన్రో గుర్తొచ్చి పెట్టిన పేరన్నమాట! బ్రిటన్ మొత్తం మీద ఇవి 1,500కి పైనే ఉన్నాయి. వీటిలో చాలావాటికి దారులుండవు, ఎందుకంటే ఎవరూ వెళ్ళరు. ఎవరూ ఎందుకు వెళ్ళరంటే దారులుండవు కాబట్టి :)

ఆయన ఓ రోజు టీ తాగుతూ "నీకు మనుషులు లేని కొండ కావాలా?" అని అడిగి, ఒక పేరు కాగితం మీద రాసిచ్చాడు. బెన్ గ్రియం బెగ్.

ఇది స్కాట్లండ్ ఉత్తరపు కొసకి దగ్గర్లో, సదర్లండ్ ప్రాంతంలో ఉంది. ఎత్తు 580 మీటర్లు. గేలిక్ భాషలో "బెగ్" అంటే చిన్న. పక్కనే దీని అన్నగారు ఉన్నాడు, పేరు బెన్ గ్రియం మోర్, "మోర్" అంటే పెద్ద. పెద్దాయన ఎత్తు 590 మీటర్లు. పది మీటర్ల తేడాకి ఒకడు పెద్ద, ఒకడు చిన్న. మన అపార్ట్‌మెంట్లలో ఇంచుమించు మూడంతస్తుల ఎత్తు ఆ తేడా. పాపం చిన్నోడు ఎన్ని వేల ఏళ్ళ నుంచి ఆ పేరు మోస్తున్నాడో.

ఎలా వెళ్ళాలంటే ఇన్వర్‌నెస్ నుంచి సముద్రం పక్కనే ఉత్తరంగా హెల్మ్స్‌డేల్ దాకా పెద్ద రోడ్డు. అక్కడి నుంచి ఎడమకి తిరిగి కిల్డోనన్ లోయలోకి ఎక్కితే ఒంటి వరస రోడ్డు. ఎదురుగా బండి వస్తే పక్కన కాస్త వెడల్పు చేసిన చోట ఆగి, చెయ్యూపి, దారివ్వాలి. అలా పాతిక కిలోమీటర్లు పైగా వెళ్తే కిన్‌బ్రేస్. పేరుకి ఊరు, నిజానికి కొన్ని ఇళ్ళూ ఒక రైల్వే స్టేషనూ. ఇక్కడ దిగాలంటే రైల్లో గార్డుకి ముందే చెప్పుకోవాలి, లేకపోతే రైలు ఆగదు. పల్లెవెలుగు బస్సులో "ఆ చింతచెట్టు దగ్గర ఆపు బాబూ" అన్నట్టు. కిన్‌బ్రేస్ దాటి ఇంకొంచెం ఉత్తరానికి పోయి, ఎవరికీ అడ్డం లేనిచోట కారు పెట్టాను. కొంతదూరం ఎస్టేటు వాళ్ళ జీపు దారి ఉంది. అది అయిపోయాక ఇంక ఏమీ లేదు.

ఏమీ లేదంటే నిజంగానే ఏమీ లేదు. బోర్డు లేదు, బాణం గుర్తు లేదు, కాలిబాట లేదు, చెట్టు లేదు. ఎదురుగా గోధుమరంగు నేల, నేల మీద అక్కడక్కడ ఆకాశం ముక్కలు పడ్డట్టు నీటి గుంటలు, దాని చివర గుమ్మటంలా కొండ. చూస్తే ఇంతే కదా అనిపిస్తుంది. ఆ నేల మీద కాలుపెడితే గానీ తెలీదు ఎంతో.

ఆ నేలని పీట్ అంటారు. చల్లదనానికీ తడికీ పూర్తిగా కుళ్ళకుండా పేరుకుపోయిన నాచూ మొక్కలూ. ఏడాదికి సుమారు ఒక్క మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. అలా మంచుయుగం అయిపోయినప్పటి నుంచి పెరిగి, కొన్నిచోట్ల పది మీటర్ల లోతు దాకా ఉంది. పైన స్ఫాగ్నమ్ అనే నాచు, స్పాంజిలాగా నీళ్ళు పట్టుకుని ఉంటుంది. ఎర్రది ఒకచోట, లేతాకుపచ్చది ఒకచోట. మధ్యలో పత్తికాయ పగిలినట్టు తెల్లటి కుచ్చులతో కాటన్ గ్రాస్. ఎమ్మిగనూరు వైపు పత్తి చేలు చూసి పెరిగినవాణ్ణి, ఒక్క క్షణం కళ్ళు మోసపోయాయి. వంగి చూస్తే సన్‌డ్యూ అని బొటనవేలి గోరంత ఎర్ర మొక్కలు, ఆకుల మీద జిగురు బొట్లతో పురుగుల్ని పట్టి తింటుంటాయి. ఇక్కడి మిడ్జీల బాధ పడ్డవాళ్ళెవరైనా (దోమలో పదోవంతుంటాయి, దోమకి పదింతలు కుడతాయి) ఆ మొక్కకి దణ్ణం పెట్టుకోవాలి.

దారి ఉన్నచోట నడిచేటప్పుడు మనం నడవం అండీ, నడిపించబడతాం. బుర్రలో ఆఫీసు గోల తిప్పుకుంటూ, ఫోన్లో పాటలు వింటూ కిలోమీటర్లు పోవచ్చు. ఎక్కడ కాలు పెట్టాలో, ఏ వాగు ఎక్కడ దాటాలో మనకన్నా ముందు ఎవరో ఆలోచించేశారు. దారి అంటే వాళ్ళ నిర్ణయాలన్నీ కలిపి నేల మీద రాసిపెట్టిన రాత. అది లేనిచోట ప్రతి అడుగూ ఒక ప్రశ్నే. ఈ ఆకుపచ్చ గట్టిదా మెత్తదా? ఈ నీటిగుంటని కుడి నుంచి చుట్టాలా ఎడమ నుంచా? హెదర్ పొదలు పెరిగినచోట కింద కాస్త పొడిగా ఉంటుంది. మరీ మెరిసే లేతాకుపచ్చ కనిపిస్తే అటు పోకూడదు. ఇలాంటివి ఒక గంటలో కాళ్ళకి తెలిసిపోతాయి. చేతికర్ర ముందు గుచ్చి చూసి, తర్వాత కాలు. మధ్యమధ్యలో జింకలు నడిచిన సన్నటి జాడలు కనిపిస్తాయి, హమ్మయ్య దారి దొరికింది అనిపిస్తుంది. జింక వెళ్ళేది దాని పని మీద, మన కొండకి కాదు. ఇరవై గజాలు పోయి ఏ గుంట దగ్గరో ఆగిపోతుంది.

మొదటి గంటలో విసుగు. రెండో గంటకి విచిత్రంగా బుర్ర ఖాళీ అయింది. పెండింగ్ టికెట్లు లేవు, సోమవారం మీటింగు లేదు, ఇంటి లోను లేదు. ముందున్న మూడడుగులు మాత్రమే ఉన్నాయి. ఎక్కడో గోల్డెన్ ప్లోవర్ పిట్ట ఒంటరిగా, ఈల వేసి సగంలో ఆపేసినట్టు అరుస్తోంది. నేల మీద గూళ్ళు పెట్టే కాలం కాబట్టి అరుపు దగ్గరయినప్పుడల్లా పక్కకి తప్పుకుని నడిచాను.

ఎస్టిమేషన్ గురించి చెప్పకపోతే మన కులానికి ద్రోహం చేసినట్టే. కొండ నడకకి 1892లో విలియం నైస్మిత్ అనే ఆయన చెప్పిన సూత్రం ఒకటి ఇప్పటికీ వాడతారు. మూడు మైళ్ళకి ఒక గంట, ఎక్కే ప్రతి 2,000 అడుగులకి ఇంకో గంట. నా దూరానికి, ఎత్తుకి లెక్కేస్తే రెండు గంటల లోపే రావాలి. దారి లేని బురదకి దాన్ని రెట్టింపు చేసుకున్నాను. ఇన్నేళ్ళ ప్రాజెక్టుల్లో నేర్చుకున్నది అదొక్కటే మరి! దాంతో పాటు ఒక గీత కూడా గీసుకున్నాను. మధ్యాహ్నం మూడింటికి ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి. ఆ కాగితం ఒక కాపీ మా ఆవిడకి పంపాను. ఫోన్ సిగ్నల్ ఉండదు, రాత్రి తొమ్మిదికల్లా నా నుంచి ఫోన్ రాకపోతే ఎవరికి చెయ్యాలో కూడా రాసి. "ఇంత జాగ్రత్తలు రాసే బదులు మానేయొచ్చుగా" అంది. పాయింటే.

ఒంటిగంటన్నరకి కొండ మొదలు నుంచి నిటారుగా ఎక్కడం మొదలైంది. బురద తగ్గి రాళ్ళూ గడ్డీ వచ్చాయి. 450 మీటర్ల దగ్గర, అప్పటిదాకా అన్నగారి మీద కూర్చున్న మేఘం మెల్లగా తమ్ముడి మీదకి జరిగింది. ఐదు నిమిషాల్లో నా చుట్టూ తెలుపు. ముప్ఫై అడుగుల అవతల ఏముందో తెలీదు. కింద కారు లేదు, రోడ్డు లేదు, లోయ లేదు.

ఇలాంటప్పుడు భయం ఒక ఆలోచనలా రాదు, శబ్దం తగ్గినట్టు వస్తుంది. గాలి, నా ఊపిరి, అంతే. ఇక్కడ కాలు మడతపడితే కనిపెట్టేవాళ్ళు లేరు. ఓ రాయి మీద కూర్చుని అరటిపండు తిన్నాను. మ్యాపు తీసి దిక్సూచి పెట్టి చూశాను. శిఖరం వాయవ్యంగా, అర కిలోమీటరు లోపు. ఆ వైపు కొండచరియలు లేవు. ఎక్కిన దిక్కుకి సరిగ్గా వ్యతిరేక దిక్కు పట్టుకుంటే కిందికి చేరతాను. టైము రెండున్నర కాలేదు. సరే, మూడింటి గీత ఎలాగూ ఉంది కదా అని దిక్సూచి ముల్లు వెంట లేచాను. ఇక్కడ చూడటానికేమీ లేదు కాబట్టి లెక్కపెట్టడం ఒక్కటే పని. వంద అడుగులు, ఆగడం, ముల్లు చూడటం, మళ్ళీ వంద.

నాలుగో వందలోనో ఐదో వందలోనో కాలికి తగిలింది. రాళ్ళ వరస. మామూలుగా పడి ఉన్న రాళ్ళు కావు. గడ్డిలో సగం మునిగి, ఒకదాని పక్కన ఒకటి, అటూ ఇటూ మంచులోకి సాగిపోతున్నాయి. చెయ్యి పెట్టి చూశాను. గోడ. ఎవరో కట్టిన గోడ!

పొద్దుటి నుంచి మనిషి జాడ లేని చోట నడుస్తున్నాననుకున్నాను కదా, మొదట నాకు కలిగింది ఆశ్చర్యం కూడా కాదు, సిగ్గు లాంటిది. ఎవరిదో ఇంట్లోకి తలుపు కొట్టకుండా వచ్చినట్టు.

ఈ కొండ మీద కోట ఉందని ముందే చదివాను. నెత్తి మీద పొడుగ్గా చుట్టిన రాతి గోడ, దక్షిణం వైపు వాలులో మడులకి గట్లు వేసినట్టు ఇంకొన్ని చిన్న గోడలు. చరిత్రకి ముందరి కాలం నాటిదంటారు. స్కాట్లండ్‌లో ఇంత ఎత్తున ఇంకో కోట లేదంటారు. చదవడం వేరు, తెల్లటి శూన్యంలో మోకాలికి తగలడం వేరు. గోడ పట్టుకుని నడిచి, ఇంకో పెద్ద గోడ దాటి, మూడింటికి పది నిమిషాల ముందు శిఖరం మీద నిలబడ్డాను. గుళ్ళో ప్రదక్షిణ చేసినట్టు కోటగోడ చుట్టూ ఒకసారి నడిచి, దానికే ఆనుకుని ఫ్లాస్కులో టీ తాగుతుంటే గాలి మారింది. మేఘం చిరిగింది.

పశ్చిమంగా బెన్ క్లిబ్రెక్. వాయవ్యంగా బెన్ హోప్, బెన్ లాయల్. ఆగ్నేయంగా మోర్వెన్, చిన్నపిల్లలు బొమ్మ గీసినట్టు ముక్కోణం కొండ. ఉత్తరంగా నీళ్ళ చుక్కలతో కుట్టిన గోధుమరంగు దుప్పటి, సముద్రం దాకా. దీన్నే ఫ్లో కంట్రీ అంటారు, సుమారు 4,000 చదరపు కిలోమీటర్లు. ఎటు చూసినా మనిషి లేడు. ఆ గోడకి చెయ్యి ఆనించి కూర్చుంటే మాత్రం "ఇక్కడెవరూ లేరు" అనే మాట నోటికి రాలేదు. ఎవరూ లేకుండా పోయారు, అంతే.

కోట వాళ్ళ సంగతి వదిలేద్దాం, అది మరీ పాత మాట. పొద్దున నేను కారులో వచ్చిన కిల్డోనన్ లోయ సంగతి మాత్రం కాగితాల మీద ఉంది. ఆ పారిష్‌లో 1811లో 1,574 మంది జనం. 1831లో 257 మంది. కరువు కాదు, కలరా కాదు. ఆ భూములు సదర్లండ్ జమీందారీవి. గొర్రెలు పెంచేవాళ్ళు ఎక్కువ కౌలిస్తామన్నారు. 1813 నుంచి 1819 దాకా విడతలు విడతలుగా లోయలన్నీ ఖాళీ చేయించారు. సముద్రం ఒడ్డున చిన్న చిన్న తుంటలు చూపించి చేపలు పట్టుకోమన్నారు, తరాలుగా పశువులు మేపినవాళ్ళని. 1813లో కిల్డోనన్ వాళ్ళు ఎదురు తిరిగితే సైన్యాన్ని పంపారు. అదే ఏడు దాదాపు వందమంది ఓడెక్కి కెనడా వెళ్ళిపోయారు. ఓడలో జ్వరాలు, దింపిన చోటు వేరు, మిగిలినవాళ్ళు మంచులో కాలినడకన పోయి ఎర్రనది ఒడ్డుకి చేరారు. ఇవాళ అక్కడి విన్నిపెగ్ నగరంలో కిల్డోనన్ పేరుతో పేటలున్నాయి. ఊరు పోయింది, పేరు సముద్రం దాటి బతికింది. హెల్మ్స్‌డేల్‌లో వాళ్ళ కోసం 2007లో ఒక విగ్రహం పెట్టారు. మొగుడూ కొడుకూ ముందుకి చూస్తుంటారు, చంకలో బిడ్డతో ఆవిడ మాత్రం వెనక్కి తిరిగి లోయ వైపు చూస్తుంటుంది. ముందురోజు సాయంత్రం దాని పక్కన నిలబడి ఫోటో కూడా దిగాను.

ఇది చదివి "ఎక్కడి సదర్లండ్, ఎక్కడి మనం" అనుకోవచ్చు మీరు. నాకు అలా అనుకునే వీలు లేదు. మా నాన్నగారి ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగిన దాదాపు వంద ఊళ్ళలో అదొకటి. 1981లో ఖాళీ చేశారు. అప్పటికి నాకు ఊహ లేదు. నీళ్ళు బాగా తగ్గిన ఒక ఎండాకాలం, సంగమేశ్వరం గుడి బయటపడిందని తెలిసి నాన్నని తీసుకుని వెళ్ళాను. గుడి చూశాక "మన ఊరు కూడా చూద్దాం పా" అన్నారు. ఊరేముంది? నెర్రెలిచ్చిన ఒండ్రుమట్టి, మధ్యలో మోకాలెత్తు రాళ్ళ కుప్పలు. నాకు ఏ వైపు చూసినా ఒకటే. ఆయన మాత్రం చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడవడం మొదలుపెట్టారు. తిన్నగా కాదు. ముందుకి పోయి, కుడికి తిరిగి, ఇంకొంచెం పోయి, ఎడమకి. చుట్టూ మైదానం, అడ్డం ఏమీ లేదు. అయినా మలుపులు తిరుగుతూ వెళ్తున్నారు. "ఇది బజారు. ఇది శెట్టి అంగడి. ఈడ మళ్ళుకుంటే మన ఇల్లు." నేల మీద దారి లేదు. ఆయన కాళ్ళలో ఉంది.

ఆ గోడకి ఆనుకుని కూర్చున్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ మలుపులే. ఈ లోయలో పుట్టి, ఎర్రనది ఒడ్డున ముసలైపోయిన ఏ మనిషి కాళ్ళలోనో బెన్ గ్రియం కింద నుంచి తన గుడిసెకి దారి ఉండే ఉంటుంది. ఆ కాళ్ళతో పాటే పోయింది. దారి అనేది పని ఉన్నవాళ్ళు వేసేది. నీళ్ళకి, పశువులకి, పెళ్ళిళ్ళకి, చావులకి. వాళ్ళని తీసేస్తే దారి ముప్ఫై నలభై ఏళ్ళలో చెరిగిపోతుంది. తర్వాత మాలాంటి వాళ్ళం ఖరీదైన బూట్లు వేసుకుని వచ్చి "అబ్బ, ఎంత స్వచ్ఛమైన ప్రకృతి, మనిషి అడుగు పడలేదు" అంటాం.

రెండూ ఒకటే అనడం లేదు. శ్రీశైలం నీళ్ళు కరెంటు ఇచ్చాయి, పొలాలకి పారాయి. నేను చదువుకున్న బల్బు వెలుతురులో మా ఊరి వాటా కూడా ఉంది. గొర్రెలు ఇచ్చింది కౌలు మాత్రమే. ప్రాజెక్టులు కట్టకూడదని వాదించేంత చదువూ లేదు, ధైర్యమూ లేదు నాకు. నాకు పట్టుకున్నది "ఖాళీ" అనే మాట. ఏదైనా చోటు ఖాళీగా ఉందని ఎవరైనా అంటే, ఆ మాట అంటున్నది ఎవరు, వాళ్ళకి దాంతో ఏం పని అని ఒకసారి చూసుకోవాలి.

ఇంకో ఉదాహరణ ఈ కొండ మీంచే కనిపిస్తుంది. కింద నేల మీద అక్కడక్కడ ముదురాకుపచ్చ చతురస్రాలు, స్కేలు పెట్టి గీసినట్టు. 1980లలో ఈ ఫ్లో కంట్రీని పనికిరాని ఖాళీ నేల అనుకుని కాలవలు తవ్వి, నీళ్ళు తోడేసి, పరాయి జాతి శంఖాకార చెట్లు నాటించారు. నాటించినవాళ్ళలో చాలామంది ఇటు వచ్చి కూడా ఉండరు, పన్ను మినహాయింపు కోసం పెట్టుబడి పెట్టిన లండన్ డబ్బున్నవాళ్ళు. చెట్లు నాటడం మంచిదే కదా అనిపిస్తుంది. ఇక్కడ కాదు. ఆ పీట్‌లో దాదాపు 40 కోట్ల టన్నుల కార్బన్ దాగుంది. నేల ఎండితే అది గాల్లో కలుస్తుంది. 1988 బడ్జెట్‌లో ఆ మినహాయింపు తీసేశారు. ఆర్.ఎస్.పి.బి. అనే పక్షి సంరక్షణ సంస్థ 1995లో ఇక్కడికి దగ్గర్లోనే ఫోర్సినార్డ్ దగ్గర భూములు కొని, అప్పటి నుంచి చెట్లు కొట్టించి, కాలవలు పూడ్పిస్తోంది. నాటడానికి ఖర్చు, పీకడానికీ ఖర్చు. మన పరిభాషలో చెప్పాలంటే ముప్ఫై ఏళ్ళ రోల్‌బ్యాక్. 2024 జూలైలో ఈ నేల యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. విచిత్రం ఏంటంటే ఆ నిర్ణయం జరిగిన సమావేశం మన ఢిల్లీలోనే. "పనికిరాని ఖాళీ" నుంచి ప్రపంచ వారసత్వానికి నలభై ఏళ్ళు. నేల మారలేదు, చూసే కళ్ళు మారాయి.

మెచ్చుకోవాల్సినవి కూడా చెప్పుకోవాలి. ఈ కొండలు ఇప్పటికీ చాలావరకు పెద్ద పెద్ద ఎస్టేటు ఓనర్లవే. అయినా నేను ఎవరి అనుమతీ అడక్కుండా నడిచాను. 2003 భూసంస్కరణ చట్టం స్కాట్లండ్‌లో ఎవరికైనా, పౌరుడో కాదో అడక్కుండా, బాధ్యతగా మసలుకుంటే దాదాపు ఏ నేల మీదయినా నడిచే హక్కు ఇచ్చింది. 2005 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. వీసా స్టాంపులు లెక్కపెట్టుకుంటూ బతికిన నాలాంటి వాడికి, ఈ దేశంలో ఏ కాగితమూ అడక్కుండా దొరికిన మొదటి హక్కు అదే. వెళ్ళగొట్టినవాళ్ళకి అది రాలేదు, వాళ్ళు పోయిన రెండొందల ఏళ్ళకి వచ్చిన నాకు వచ్చింది. దీనికి సంతోషించాలో ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు.

దిగడం ఎక్కడం కన్నా తేలికేం కాలేదు గానీ, ఆరున్నరకి కారు దగ్గరున్నాను. ఇంకా నాలుగు గంటల వెలుతురుంది. హెల్మ్స్‌డేల్ చేరి సిగ్నల్ రాగానే ముందు మా ఆవిడకి, తర్వాత పొద్దున్నే లేచే అలవాటున్న మా నాన్నకి తెల్లారాక ఫోన్ చేశాను.

"పైన ఏ సామి ఉండాడ్రా?"

"ఏ సామీ లేడు నాన్నా. గోడ ఉంది. రాతి గోడ, పాతది."

"ఎవురిది?"

"తెలీదు. ఎప్పుడో పోయారు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "గోడ కట్టినోళ్ళు ఊరికే పోర్రా. ఎవురో పొమ్మనింటారు" అన్నారు.

కోట కట్టినవాళ్ళు వేరు, కిల్డోనన్ వాళ్ళు వేరు, ఈ ఇద్దరికీ మధ్య ఎన్నో వందల ఏళ్ళు అని చెబుదామనుకున్నాను. చెప్పలేదు. ఆయన మాట్లాడుతున్నది కోట గురించి కాదు.

మీలో యూకేలో ఉన్నవాళ్ళెవరికైనా లాంగ్ వీకెండు దొరికి, ఇలాంటి కొండ ఎక్కాలనిపిస్తే కొన్ని మాటలు. మ్యాపు కాగితం మీద ఉండాలి, ఫోన్ మీద నమ్మకం వద్దు. దిక్సూచి వాడటం ఇంటి దగ్గరే నేర్చుకోండి. వెనక్కి తిరిగే టైము ముందే రాసి, ఎవరికైనా ఇచ్చి వెళ్ళండి. తడవని బూట్లంటూ లేవు, రెండో జత సాక్సులుంటాయి. వెంట ఇంకొకరుంటే మంచిది. కుక్కని తీసుకెళ్తే గూళ్ళు పెట్టే కాలంలో తాడు వదలొద్దు.

చివరిది ముఖ్యమైనది. శిఖరాల మీద రాళ్ళు పేర్చి కుప్ప పెట్టడం ఇక్కడ అందరికీ అలవాటు. ఈ కొండ మీద మాత్రం గోడలోంచి ఒక్క రాయి కూడా తియ్యకండి. మన పనిలో ఒక పద్ధతుంది కదా, రాసినవాళ్ళు వెళ్ళిపోయిన కోడ్‌లో ఎందుకుందో తెలియని లైను కనిపిస్తే, తెలిసేదాకా దాన్ని డిలీట్ చెయ్యం. ఇదీ అంతే.